బోరు వేస్తే వచ్చేది నీళ్లే కాదు



మనం కూర్చున్న ఈ జూబ్లీహిల్స్ కొండ రాయికి దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఇక్కడ పునాది తవ్వించినవాళ్లకీ, బోరు వేయించినవాళ్లకీ అదెంత మొండిదో తెలుసు. దాని లోపల ఏముందో మాత్రం ఎవరికీ పూర్తిగా తెలియదు. తెలిసిన కాస్తా తలా ఒక కాగితంలో ఉండిపోయింది. ఆ కాగితాలు ఒకచోటికి చేరితే ఏమవుతుందో చెప్పడానికే వచ్చాను.

ముందు ఉప్పల్ వెళ్దాం. అక్కడి జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థలో ఒక భూకంపమాపకం ఉంది. ఫ్రాన్స్ నడిపే జియోస్కోప్ వలయంలో మూడు దశాబ్దాలకు పైగా అదొక కేంద్రం. ప్రపంచంలో దాని పేరు హెచ్‌వైబీ. ఇండోనేషియాలో భూమి కదిలినా ఆ అలలు ఇక్కడికి చేరతాయి. మొదటి అలకీ రెండో అలకీ మధ్య గడిచిన సమయాన్ని బట్టి భూకంపం ఎంత దూరంలో వచ్చిందో లెక్కకడతారు. ఎక్కడ వచ్చిందో కచ్చితంగా తేలాలంటే కనీసం మూడు కేంద్రాల లెక్క కలవాలి. అందుకే హెచ్‌వైబీ రికార్డును ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. పంచుకోవడం అక్కడ దాతృత్వం కాదు, అది లేకుండా పని జరగదు.

2004 డిసెంబరు 26న సునామీ మన తీరాన్ని ముంచినప్పుడు ఈ పాఠం ఖరీదు తెలిసింది. 2007లో ప్రగతినగర్‌లోని భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం, అంటే ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం వచ్చింది. దేశదేశాల భూకంప కేంద్రాల సమాచారం, సముద్రమట్టం కొలతలు అక్కడికి చేరుతుంటాయి. అదే ఇన్‌కాయిస్ ఆర్గో పథకంలోనూ ఉంది. ఆర్గో తేలియాడే యంత్రాలు పది రోజులకోసారి 2,000 మీటర్ల లోతు నుంచి పైకి వస్తూ నీటి వేడినీ ఉప్పదనాన్నీ కొలుస్తాయి. ఆ కొలతలు చాలావరకు 24 గంటల్లోపే అందరికీ అందుతాయి. చంద్రయాన్-2 పంపిన సమాచారాన్ని కూడా ఇస్రో తన ప్రదాన్ పోర్టల్‌లో పెట్టింది. పేరు నమోదు చేసుకున్న విద్యార్థి ఇంట్లో కూర్చునే చంద్రుడి నేలను చదవచ్చు.

అయితే అంకెలు బయట పడేస్తే చాలదు. సినిమా ఎడిటింగ్ రూంలో పనిచేసినవాళ్లకు ఈ సంగతి చెప్పనక్కర్లేదు: క్లాప్ లేని రష్ ఏ సీనుదో, ఎన్నో టేకో ఎవరు చెప్పగలరు? కొలతకూ అంతే. ఎక్కడ, ఎప్పుడు, ఏ పరికరంతో తీశారో రాసి లేకపోతే అది పదేళ్ల తర్వాత తీసినవాళ్లకే అర్థం కాదు.

పంచుకోవడంపై ఒక అభ్యంతరమూ ఉంది. ఏళ్లు కష్టపడి కొలిస్తే మరొకరు ముందుగా వ్యాసం రాసేస్తారన్న భయం. అది న్యాయమైన భయమే. అందుకే కొంత గడువు వరకు సమాచారం సేకరించినవాళ్ల దగ్గరే ఉంచుతారు. ఆ తర్వాత వాడుకున్నవాళ్లు సేకరించినవాళ్ల పేరు ఉదహరించాలి.

ఇప్పుడు మన కొండకు వద్దాం. ఇక్కడ నీళ్లు గట్టి గ్రానైట్ రాయిలో ఉండవు. పైనున్న మొరం పొరలో, దాని కింది పగుళ్లలో ఉంటాయి. మహేశ్వరం దగ్గర 53 చదరపు కిలోమీటర్ల పరీవాహకంలో భారత, ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు కలిసి ఏళ్ల తరబడి బోర్లను పరిశీలించారు. లోతుకు పోయేకొద్దీ నీరిచ్చే పగుళ్లు తగ్గిపోతాయని తేలింది. అంటే ఇంకో మూడొందల అడుగులు దింపితే నీళ్లు పడతాయన్న నమ్మకానికి ఆధారం తక్కువ. పక్కింటివాళ్లకు ఏ లోతులో పగులు తగిలిందో తెలిస్తే ఆ ఖర్చు మిగిలేది.

బోరు వేసిన ప్రతి ఇల్లూ డబ్బు పోసి ఒక పరిశోధన చేయించినట్టే. కేసింగ్ దించి, రిగ్గు వెళ్లిపోగానే ఆ ఫలితం పోతోంది. ఇకపై అయిదు సంగతులు రాసి పెట్టండి: తేదీ, చోటు, మొరం ఎంతవరకు ఉంది, పగులు ఎన్ని అడుగుల్లో తగిలింది, ఎన్ని ఇంచుల నీళ్లు పడ్డాయి. కాలనీ సంఘం వాటిని ఒక పట్టికగా చేసి భూగర్భజల శాఖకు ఇవ్వచ్చు. ఇంటి యజమాని పేరుతో ఎవరికీ పని లేదు.

నీళ్లు పడని బోర్ల లెక్క తప్పకుండా ఇవ్వండి. పడిన సంగతి ఎలాగూ ఊరంతా చెప్తారు, తర్వాత తవ్వేవాడిని కాపాడేది మాత్రం పడని బోరు లెక్కే.