పాత పెంకుటింటికి మరమ్మతు
(వార్షిక సమావేశంలో ఒక సభ్యుని ప్రసంగ పాఠం)

డి.ఎ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల బిల్లుల గురించి మాట్లాడగల సమర్థులు ఈ వేదికపై చాలామంది ఉన్నారు. నన్ను మాత్రం కార్యదర్శిగారు "కంచిలిలో పాత ఇల్లు బాగుచేయించుకొని చేరారు గదా, ఆ సంగతులు చెప్పండి, మనవాళ్ళలో చాలామందికి అలాంటి ఇల్లొకటి ఊళ్ళో మూసి ఉంటుంది" అన్నారు. అందువల్ల సాహసిస్తున్నాను.

కొత్తవారికి ఒక మాట. కంచిలికి రైలులో వచ్చేవారు సోంపేటకు టిక్కెట్టు తీసుకోవాలి. స్టేషను ఉన్నది కంచిలిలో, పేరు సోంపేటది. మా తాతగారి ఇల్లు ఆ స్టేషనుకు నడిచి పోగల దూరంలోనే ఉంది. వీధికి అరుగు, లోపలికి రైలుపెట్టె వలె గది వెనుక గది, చివర వంటిల్లు, పెరట్లో నుయ్యి, ఒక పనసచెట్టు. పక్కింటికీ మాకూ గోడ ఉమ్మడి. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు ఇదంతా గంజాం జిల్లాయే గనుక బరంపురం వైపు పల్లెల్లోనూ ఇదే తీరు ఇళ్ళ వరుసలు చూస్తాము.

అమ్మ పోయిన తరువాత ఆ ఇంటికి తాళం పడింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 140, 150 కిలోమీటర్ల వేగంతో వీచింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఏమైనవో మీకు చెప్పనక్కరలేదు. మా ఇంటికి వీధివైపు పెంకులు లేచిపోయాయి. ఆ తరువాత కురిసిన వానలన్నీ నడిమి గదిలోనే కురిశాయి.

ఇక అసలు విషయం. మా అన్నయ్యకు రెండు మూత్రపిండాలూ చెడిపోయాయి. ఉద్దానంలో ఈ జబ్బు లేని వీధి అరుదు. ఎందరు వచ్చి పరిశోధించినా మూలకారణం ఫలానా అని ఇంతవరకు తేలలేదు. వారానికి మూడుసార్లు డయాలిసిస్ కోసం అన్నయ్య, వదిన విశాఖపట్నంలో రెండో అంతస్తు అద్దె ఇంట్లో ఉండేవారు. సోంపేట ఆసుపత్రిలో డయాలిసిస్ కేంద్రం వచ్చిన తరువాత అన్నయ్య ఒకటే మాట పట్టుకున్నారు. "మిషను మన ఊరి పక్కకే వచ్చింది. నేను ఇంకా ఈ మెట్లు ఎందుకు ఎక్కాలిరా తమ్ముడూ?" నేను అప్పటికి రిటైరై రెండేళ్ళు. మా రెండు కుటుంబాలూ కలిసి ఆ ఇంట్లో ఉండాలని నిర్ణయించాము.

పిల్లలు ఒప్పుకోలేదు. పాతది పడగొట్టి స్లాబు వేయమన్నారు. స్లాబు వేస్తే రేపు పైన ఇంకొక వాటా వేసుకోవచ్చునన్నారు. వారి లెక్క వారికి సరే. కాని పడగొడితే ఉమ్మడి గోడ సంగతేమిటి? ఏడాది పట్టే పనికి అన్నయ్య ఆగగలరా? వీటన్నిటినీ మించినది మరొకటి ఉంది. డయాలిసిస్ మీద ఉన్న మనిషి దాహమేసినంత నీరు త్రాగకూడదు. అన్నయ్యకు డాక్టరు చెప్పిన కొలత రోజుకు ఒక లీటరు. మజ్జిగ, చారు, కాఫీ అన్నీ అందులోనే. వైశాఖమాసంలో స్లాబు కింద మధ్యాహ్నం మూడు గంటలకు కూర్చున్నవారికి ఆ లీటరు ఎంతో తెలుస్తుంది. ఎత్తయిన పెంకుటింట్లో వేడిగాలి పైకి పోయి పెంకుల సందుల్లోంచి వెళ్ళిపోతుంది. స్లాబు పగలంతా కాగి రాత్రి ఆ వేడిని మన మీదికే వదులుతుంది. పెంకు ఉంచడానికి మాకున్న కారణం ఇదే గాని పాత వస్తువుల మీద మోజు కాదు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. గ్రాట్యుటీలో మిగిలినది, కమ్యుటేషన్ సొమ్ము, ఇవే నా ఆస్తి. కమ్యుటేషన్ అంటే మన పెన్షనులో కొంత ముందుగా అమ్ముకోవడమే గదా. పదిహేనేళ్ళపాటు నెలనెలా కోత భరించి తెచ్చుకున్న సొమ్మును ఉమ్మడి ఆస్తి మీద పోసేముందు కాగితాలు చూసుకోవాలి. మాకొక చెల్లెలు ఉంది. మన రాష్ట్రంలో 1986 సవరణ, దేశమంతటికీ 2005 సవరణ వచ్చాక ఆడపిల్ల వాటా అడగకపోతే లేదనుకోవడం కుదరదు. చెల్లెలు "నాకేమీ వద్దు అన్నయ్యా" అన్నది. వద్దన్నా పెరటివైపు స్థలంలో ఆమె వాటా ఆమెకు రాసి, ఇంటి వరకు హక్కు విడుదల పత్రం రిజిస్టరు చేయించిన తరువాతే మేస్త్రిని పిలిచాము.

మొదట పట్టినది పైకప్పు. మనం బెంగుళూరు పెంకు అంటాము గాని, ఆ రకం పెంకుకు మొదటి కార్ఖానా 1865లో మంగుళూరులో బాసెల్ మిషన్ వారు పెట్టారు. అందుకే ఇంగ్లీషువారు దానిని మంగుళూరు పెంకు అన్నారు. మనకు అది బెంగుళూరు ఎలా అయిందో తెలిసినవారు చెప్పండి. దింపిన ప్రతి పెంకునూ వేలి కణుపుతో తట్టి చూశాము. ఖణేల్‌మంటే మంచిది, బొద్దుగా పలికితే పగులున్నట్లు. ఈ పని అన్నయ్యే చేశారు, అరుగు మీద కుర్చీ వేసుకొని, డయాలిసిస్ లేని రోజుల్లో. ఫిస్టులా ఉన్న ఎడమచేయి ఒడిలో పెట్టుకొని కుడిచేత్తో తట్టి "ఇది ఉంచు, ఇది తీసేయ్" అనేవారు. చెవి బాగా పనిచేసింది. సగానికి పైగా పెంకులు తిరిగి ఎక్కాయి.

తుపాను గాలి పెంకును పైనుంచి నొక్కదు, చూరు కింద దూరి పైకి లేపుతుంది. చూరుల వద్ద, వెన్నుగోడు దగ్గర ఈ లాగుడు ఎక్కువ. అందువల్ల చూరు అంచున మొదటి వరుసలను, వెన్నుగోడు పెంకులను సున్నపుగచ్చులో కూర్చి, మిగిలినవాటిలో వరుస విడిచి వరుస తీగతో రీపరుకు కట్టించాము. దూలాలను గోడలోకి దించిన ఇనుప పట్టీలతో బిగించాము. వీధి అరుగుపై చూరును ఇంటి కప్పుతో కలపకుండా విడిగా వేయించాము. గాలికి అది పోతే పోతుంది, ఇంటి కప్పును మాత్రం వెంట లాక్కుపోదు. వాసాలలో పుచ్చినవి తీసి మా పనస కొమ్మలు కోయించిన కర్రే వేశాము. పనస చెక్కకు చెదలు తొందరగా పట్టదని ఉద్దానంలో ఎవరినడిగినా చెబుతారు.

గోడల సంగతి మేస్త్రి ఒక్క మాటలో తేల్చాడు. గోడ అడుగున రెండు మూడడుగుల ఎత్తున చెమ్మ, ఉప్పు పూత. పూర్వం ఎవరో దానిపై సిమెంటు పూశారు. "గోడకేటీ అవ్వనేదు బాబూ. సిమెంటేసి ఊపిరాడకండా సేసినారు. అది ఒలిసీండి, ఆరిపోద్ది" అన్నాడు. ఒలిపించాము. రెండు నెలలు అలాగే వదిలేస్తే నిజంగానే ఆరింది. పాత గోడ సున్నంతో కట్టినది. అది నేలచెమ్మను పీల్చి బయటికి వదులుకుంటుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. నానబెట్టిన సున్నం, ఏటి ఇసుకతో పూత వేయించి, పైన వెల్ల వేయించాము. సముద్రపు ఇసుక దగ్గరలో చౌకగా దొరుకుతుందని ఎవరైనా తెస్తే వెనక్కు పంపండి. అందులోని ఉప్పు గోడను ఎప్పటికీ ఆరనివ్వదు, ఇనుమును తినేస్తుంది. చెదలమందు విషయంలోనూ జాగ్రత్త. నుయ్యి దగ్గరలో ఉన్న వైపు మందు పోయనివ్వలేదు.

కరెంటు వైర్లన్నీ కొత్తవి, ఎర్తు కొత్తది. దాని గురించి ఇంతకన్న చెప్పడానికి లేదు.

నీరు మాకు పెద్ద చింత. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని ఉద్దానం ఏడు మండలాలకు తెచ్చే పథకాన్ని 2023 డిసెంబరు 14న మన కంచిలి మండలం మకరాంపురంలోనే ప్రారంభించారు. అదే రోజున పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి కూడా. అందుకని వంటింట్లోకి కుళాయి గొట్టం, నూతి గొట్టం వేరువేరుగా వేయించాము. నూతి నీరు స్నానాలకు, మొక్కలకు, కుళాయి నీరు వంటకు, త్రాగడానికి. రెండూ కలిసే తొట్టి ఇంట్లో ఎక్కడా లేదు.

అందరికన్నా ఎక్కువ వాదన జరిగింది గడపల మీద. అవి ఏడెనిమిది అంగుళాల ఎత్తు. డయాలిసిస్ నుంచి వచ్చిన రోజున అన్నయ్యకు కాళ్ళు తడబడతాయి. నాకూ మోకాళ్ళ నొప్పి. అన్నీ తీసేయమన్నాను. మా ఆవిడ, వదిన ఒకటైపోయారు. "మా అత్తగారు పసుపు రాసిన గడప, బావగారి కోసమైనా సరే, రంపం పెట్టడానికి వీల్లేదు" అని మా ఆవిడ. చివరకు వడ్రంగి రాజీ చేశాడు. సింహద్వారం గడప అలాగే ఉంచి, ఇరువైపులా వాలుగా చెక్క పలకలు అమర్చాడు. శుక్రవారం పలకలు తీసి గడప కడిగి పసుపు రాసుకొని మళ్ళీ పెడతారు. లోపలి గడపలు మాత్రం పోయాయి.

అన్నయ్య మంచానికి ఆరడుగుల దూరంలో స్నానాలగది కట్టించాము. మెరిసే టైల్సు వద్దని గరుకు రాయి పరిపించాము. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల మనిషి పడిపోతే లోపలికి తెరుచుకునే తలుపు ఆయనకే అడ్డం పడుతుంది. గోడకు స్టీలు కడ్డీ మనిషి బరువు ఆగేటట్లు బిగించాలి, తువ్వాలు ఆరేసుకునే కడ్డీ అందుకు పనికిరాదు.

సామాను సంగతి. విశాఖ సోఫాలు అమ్మేశాము. వాటిలో కూర్చుంటే లేవలేము. తాతగారి భోషాణం ఉంచాము, అందులో ఇప్పుడు మందులు, ఆసుపత్రి కాగితాలు. ఉయ్యాలబల్లకు కొక్కేలు మార్చాము. నాన్నగారి పడక్కుర్చీ గుడ్డ చిరిగిపోతే నవారు వేయించాము. అన్నయ్య అందులోకి వెనక్కి వాలి మళ్ళీ లేవలేరు గనుక ఆయనకు చేతులున్న ఎత్తుకుర్చీ చేయించాము. పడక్కుర్చీ ఆయన కళ్ళెదుటే ఉండాలట. ఎవరైనా వస్తే అందులో కూర్చోబెడతారు.

గృహప్రవేశం కాదు గనుక పాలు పొంగించి ఊరుకున్నాము. ఆ వేసవిలో అన్నయ్య సాయంత్రానికి కూజాలో ఇంకా నీరు మిగిలి ఉందని వదినకు చూపించిన రోజులున్నాయి. విశాఖలో అది మధ్యాహ్నానికే అయిపోయేది. ఈ రోజు ఆయన సోంపేట వెళ్ళే రోజు, అందుకే ఇక్కడికి రాలేకపోయారు.

ఖర్చుల పుస్తకం తెచ్చాను. పెంకులు, సున్నం, కూలి విడివిడిగా రాసి ఉన్నాయి. చూడదలచినవారు భోజనాల దగ్గర అడగండి.