వాగు కాదు, వాదీ

(మన సంక్షేమ వేదిక వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో జీతాల గురించి, వీసాల గురించి, ఇంటికి పంపే డబ్బు గురించి చెప్పుకుంటాం. ఈసారి చేపల వేట గురించి చెప్తానంటే కార్యవర్గం వాళ్ళు ముందు నవ్వారు. "కార్మికుల సభలో చేపలేంటి బాబూ?" అన్నారు. నేనొకటే అడిగాను. సెలవు రోజున మనోళ్ళు ఎక్కడికి పోతున్నారో చూశారా? సగంమంది నీళ్ళ దగ్గరికే. మేడ మీద మేడ కట్టే పనిలో ఏ ప్రమాదం జరుగుతుందో మనకు తెలుసు, హెల్మెట్ పెట్టుకుంటాం. నీళ్ళ దగ్గరికి మాత్రం చెప్పులు విడిచి లుంగీ ఎగ్గట్టి దిగిపోతాం. ఎందుకంటే నీళ్ళు మనకు తెలుసనుకుంటాం. తెలిసినవి మన ఊరి నీళ్ళు. ఇక్కడి నీళ్ళు వేరు. నేను చెప్పాలనుకున్నది ఇంతే.

మాది కోనసీమ, గోదారి పాయ ఒడ్డున ఊరు. ఈ హాల్లో శ్రీకాకుళం తీరం వాళ్ళున్నారు, కొల్లేరు లంకల వాళ్ళున్నారు, కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల నుంచి వచ్చినవాళ్ళున్నారు, కడప వాళ్ళున్నారు. ఎవరి నీరు వాళ్ళది. కానీ అందరం చిన్నప్పుడే నేర్చుకున్న పాఠం ఒకటుంది. కొత్త నీరు వస్తే చేప వస్తుంది.

తెలంగాణలో మృగశిర కార్తె నాడు చేప తినాలంటారు. జూన్ మొదట్లో తొలకరి పడే వేళ అది. వానలు ముదిరి చెరువు నిండి మత్తడి దుంకిందంటే ఊరంతా అక్కడే ఉంటుంది. కోస్తాలో దాన్నే అలుగు అంటాం, నెల్లూరు వైపు కలుజు అంటారు. దూకే నీటికి చేప ఎదురెక్కుతుంది. విసురు వల ఉన్నవాడు వల వేస్తాడు, లేనివాడు దోమతెర పట్టుకొస్తాడు, అదీ లేని పిల్లాడు చేతులతోనే దిగుతాడు.

గోదావరిలో అయితే జూలైలో ఎర్రనీరు తగులుతుంది. సముద్రంలో ఇలస అని పిలిచే చేప ఆ నీటి వాసనకి నదిలోకి మళ్ళి ఎదురీదుతుంది. ఉప్పు వదిలి, ఒంటికి కొవ్వు పట్టి, పులస అవుతుంది. సెప్టెంబరు దాకా అదే పండగ. ధవళేశ్వరం ఆనకట్ట దాటి పైకి పోలేదు కాబట్టి ఆ కింద పాయల్లోనే దొరుకుతుంది. పుస్తెలమ్మైనా పులస తినాలనే సామెత అక్కడిదే.

కొల్లేరు లెక్క ఇంకోటి. బుడమేరు, తమ్మిలేరు నీళ్ళు తెచ్చి పోస్తాయి, ఉప్పుటేరు తీసుకెళ్ళి సముద్రంలో కలుపుతుంది. నీరు నిండుగా ఉన్నప్పుడు వల, నీరు తగ్గినప్పుడు మావులు. వేసవిలో బురదలో దాక్కున్న మట్టగిడసని చేత్తో తడిమి పట్టే నేర్పరులు ఉంటారు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మన ఒంట్లో ఈ పాఠం ఇంకిపోయి ఉంది. పారే నీరు చూస్తే కాళ్ళు అటే లాగుతాయి. ఒమాన్‌లో ఆ అలవాటే ప్రాణం తీస్తుంది.

ఒమాన్‌లో ఏడాది పొడవునా పారి సముద్రంలో కలిసే పెద్ద నది ఒక్కటీ లేదు. ఉన్నవి వాదీలు. వాదీ అంటే మన వాగే కదా అనుకుంటాం, పేరు కూడా దగ్గరగానే ఉంది. కానీ మన వాగుకి పైన చెట్టుంది, మట్టి ఉంది, పొలముంది. కురిసిన వానలో కొంత అవి తాగుతాయి. ఇక్కడి హజర్ కొండలు బోడి రాయి. పడ్డ చుక్క పడ్డట్టే కిందికి జారుతుంది. కొండ మీద మధ్యాహ్నం ఉరిమి ఒక గంట కురిస్తే చాలు. కింద మనం కూర్చున్న చోట ఎండ కాస్తూనే ఉంటుంది, మబ్బు కూడా ఉండదు. నీళ్ళు మాత్రం వచ్చేస్తాయి. నీళ్ళొక్కటే కాదు, బండరాళ్ళు, చెట్ల మొద్దులు, కార్లు కలిపి తెస్తాయి.

గోదారి ఎంత పెద్దదైనా మర్యాద తెలిసింది. భద్రాచలం దగ్గర 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. అక్కడ పెరిగిన నీరు మా లంకలకి వచ్చేలోపు గొడ్డూ గోదా గట్టెక్కించుకునే టైమ్ ఉంటుంది. వాదీకి మొదటి హెచ్చరిక, రెండో హెచ్చరిక ఉండవు. పైనుంచి బండ్లు దొర్లుతున్నట్టు చప్పుడు వినిపించిందంటే ఇక నిమిషాల లెక్కే.

2024 ఏప్రిల్ 14న ఏం జరిగిందో ఇక్కడున్న చాలామందికి గుర్తుంది. ఉత్తర షర్కియాలో సమద్ అల్ షాన్ దగ్గర బడిపిల్లల బండి వరదలో కొట్టుకుపోయింది. ఎంతోమంది పసివాళ్ళు పోయారు. ఈ నేల మీద పుట్టి, ఈ వాదీల పక్కనే పెరిగినవాళ్ళకే అది తప్పలేదు. నిన్న వచ్చిన మనమెంత? పారే వాదీలో బండి దింపడం ఇక్కడ నేరం కూడా. జరిమానా ఉంది, జైలూ ఉంది. యజమాని బండి అయితే ఆ గొడవ వేరే.

మరి వాదీ గుంటల్లో కనిపించే చేపల సంగతేంటి అని తమ్ముళ్ళు అడుగుతారు. నీళ్ళలో కాళ్ళు పెడితే వచ్చి గీరుతుంటాయి చూడండి, వేలెడంత ఉంటాయి, అవే. ఈ కొండల్లోనే పుట్టి పెరిగే జాతి అది. అల్ హూతా గుహలో ఉండేవాటికి తరతరాల చీకటి వల్ల కళ్ళు కూడా లేకుండా పోయాయి. కూరకి పనికొచ్చేవి కావు, పట్టాల్సినవీ కావు. ఫలజ్ కాలవల్లోనూ అవి కనిపిస్తాయి. ఆ కాలవ నీరు ఊరి తాగునీరు, ఖర్జూర తోటల ప్రాణం, వంతుల ప్రకారం పంచుకునే నీరు. మన చెరువు తూము దగ్గర ఊరివాళ్ళకి ఎంత పట్టింపో వాళ్ళకీ అంతే. అందులో వల పెట్టడం, సబ్బు పెట్టడం మర్యాద కాదు.

కాబట్టి ఒమాన్‌లో చేప అంటే సముద్రమే. ఇక్కడి సముద్రానికి కూడా కార్తెలు ఉన్నాయి, అవి నేర్చుకోవాలి.

మస్కట్, సోహార్ వైపు ఉన్నది ఒమాన్ సముద్రం. సూర్ దాటి కిందికి మసీరా, దుక్మ్, సలాలా దాకా అరేబియా సముద్రం. రెండిటి పోకడా ఒకటి కాదు. జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా సలాలా వైపు ఖరీఫ్. మన ఖరీఫ్ పంట పేరూ ఈ ఖరీఫూ ఒకటే అరబ్బీ మాట. అప్పుడు నైరుతి గాలి పైనీటిని ఒడ్డు నుంచి తోసేస్తుంది, అడుగున ఉన్న చల్లని నీరు పైకి లేస్తుంది. ఆ నీటితోపాటు చేపకి మేతయ్యే సారం కూడా పైకొస్తుంది. ఈ తీరంలో ఇంత చేప ఉండడానికి కారణం ఆ చల్లనీరే. కానీ అదే రోజుల్లో అలలు కొండంత లేస్తాయి, చిన్న పడవలు ఒడ్డెక్కుతాయి. అంటే ఖరీఫ్ చేప పెరిగే కాలం, పట్టే కాలం కాదు. 2022 జూలైలో ముగ్సైల్ రాళ్ళ దగ్గర మన దేశపు కుటుంబం ఒకటి అలకి కొట్టుకుపోయింది. వాళ్ళు వేటకి పోలేదు, చూడ్డానికి వచ్చారంతే.

మస్కట్ వైపు చలికాలంలో షమాల్ గాలి లేస్తుంది. పొద్దున అద్దంలా ఉన్న నీరు మధ్యాహ్నానికి తెల్లగా నురగలు కక్కుతుంది. తుపాన్లకి మనకి లాగే రెండు కాలాలు, వానలకి ముందొకటి, తరవాతొకటి. 2007 జూన్‌లో గోను, 2010 జూన్‌లో ఫెత్, 2018 మేలో మెకును, 2021 అక్టోబరులో షహీన్. దివిసీమ, హుద్‌హుద్, తిత్లీ చూసినవాళ్ళకి నేను వివరం చెప్పక్కర్లేదు.

రంగు విషయం కూడా చెప్పాలి. గోదారి ఎర్రబడితే మనకి సంబరం. ఇక్కడ సముద్రం ఎర్రబడితే దూరంగా ఉండాలి. అది మట్టి కాదు, నాచు లాంటి సూక్ష్మజీవులు లక్షల కోట్లు పెరిగి నీటి రంగే మార్చేస్తాయి. 2008, 2009లో అలా వచ్చినప్పుడు చేపలు కుప్పలుగా చచ్చి ఒడ్డుకి కొట్టాయి, ఉప్పునీటిని మంచినీరు చేసే ప్లాంట్లకీ ఇబ్బంది అయింది. తేరగా దొరికింది కదా అని ఒడ్డున పడ్డ చేపని గదికి తెచ్చి వండకండి.

వేట తీరు చూస్తే మాత్రం మనకి చుట్టరికం కనిపిస్తుంది. బాతినా తీరంలో ఖర్జూర మట్టలతో కట్టే షాషా అనే పడవ ఉంది, శ్రీకాకుళం తెప్పకి పినతండ్రి కొడుకు లాగుంటుంది. గర్గూర్ అని తీగతో అల్లిన బోర్లించిన గంప లాంటి బోను ఉంది, మన మావు లాగే లోపలికి పోయే దారి ఉంటుంది, బయటికొచ్చే దారి ఉండదు. ఒడ్డు నుంచి లాగే పెద్ద వల మన అలివి వలే. ధోఫార్ ఒడ్డున చిన్న కవళ్ళ జాతి చేపని ఇసకలో ఎండబెట్టి ఒంటెలకి మేతగా వేస్తారు. ఆ వాసన తగిలితే మా తీరం గుర్తుకి రానివాడు ఉండడు.

మన దగ్గర ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవల వేట ఆపుతారు కదా, గుడ్లు పెట్టే కాలమని. ఇక్కడ చేపను బట్టి కాలం ఉంటుంది. మనం వంజరం అనేదాన్ని వీళ్ళు కనద్ అంటారు. దానికి ఆగస్టు 15 నుంచి అక్టోబరు 15 దాకా నిషేధం. పట్టడమే కాదు, అమ్మడమూ దగ్గర పెట్టుకోవడమూ తప్పే. రాతి రొయ్యకి మార్చి, ఏప్రిల్ నెలలే అనుమతి. రొయ్యకి సెప్టెంబరు నుంచి నవంబరు. మిర్బాత్, సదా, హాసిక్ వైపు రాళ్ళకి అంటుకుని ఉండే ఖరీదైన నత్త జాతి ఒకటుంది, దానికి ఏ ఏటికాయేడు కొద్ది రోజులే తెరుస్తారు. "ఎవరూ చూడలేదులే" అని ఒకటి సంచిలో వేసుకుంటే అది కూర ఖర్చుతో పోయేది కాదు.

ఇక అసలు మాట. చాలామంది కుర్రాళ్ళని, ముఖ్యంగా తీరం నుంచి వచ్చినవాళ్ళని, "నీకు వల పని వచ్చు కదా, సెలవు రోజున పడవ మీదికి రా, పది రియాల్లు ఇస్తా" అని పిలిచేవాళ్ళుంటారు. తమ్ముడూ, నీకు పని వచ్చనేది నిజమే. కానీ నీ వీసాలో ఉన్న పని అది కాదు. ఈ దేశంలో చిన్న పడవల వేట ఇక్కడి ప్రజల హక్కుగా చూస్తారు. పరాయివాళ్ళు పడవెక్కాలంటే కాగితం ఉండాలి. కాగితం లేకుండా సముద్రంలో ఏదైనా అయితే నువ్వు ఎక్కడ ఉన్నావో నీ కంపెనీకి తెలియదు, తెలిసినా మాకు సంబంధం లేదంటారు. ఊళ్ళో నీ ఇంటివాళ్ళు ఎవరిని అడగాలి? పది రియాల్ల కోసం రెండేళ్ళ వీసా, ఇంటి మీద అప్పు, అన్నీ నీళ్ళ మీద పెట్టినట్టే. సరదాగా గాలం వేయాలన్నా మత్స్యశాఖ లైసెన్సు తీసుకోండి. పట్టింది వండుకోండి, అమ్మకండి.

వెళ్ళేవాళ్ళు ఈ నాలుగు మాటలు గుర్తు పెట్టుకోండి. ఒక్కడే పోకూడదు, గదిలో ఒకరికి చోటు పేరు, తిరిగొచ్చే టైమ్ చెప్పి పోవాలి. బయల్దేరే ముందు పౌర విమానయాన సంస్థ వాతావరణ సూచన ఫోన్‌లో చూడాలి, మనమున్న చోటిదే కాదు, పైకొండల మీదిది కూడా. వాదీ అడుగున చాప పరవకూడదు, బండి పెట్టకూడదు, వంట చేయకూడదు, ఎంత నీడ ఉన్నా సరే. రాళ్ళ మీద గాలం వేసేటప్పుడు తడిసిన రాయి మీద నిలబడకూడదు. అది తడిసిందంటే అల అక్కడిదాకా వచ్చిందనే కదా. ఆపద వస్తే 9999. ఎవరైనా కొట్టుకుపోతుంటే వెనకాలే దూకకండి, తాడో ఖాళీ డబ్బానో విసరండి. ఈత వచ్చినవాడే ఎక్కువ పోతాడు, ఎందుకంటే వాడే దిగుతాడు.

ఇంకొకటి. రాత్రంతా గాలం పట్టుకుని కూర్చుని తెల్లారి డ్యూటీకి పోయేవాళ్ళున్నారు. ఎండాకాలంలో మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా బయట పని ఆపమని రూలు ఉన్నది ఒళ్ళు కాపాడటానికే. నిద్ర లేని ఒళ్ళు ఆ ఎండకి తట్టుకోదు.

చేప కావాలంటే మత్రా మార్కెట్‌లో పొద్దున్నే వెళ్తే తాజాగా ఉంటుంది. నలుగురు కలిసి ఒకటి కొనుక్కుని, చింతపండు పులుసు పెట్టుకుని తినండి. పులస కాకపోవచ్చు. ఊరెళ్ళాక పులస తినడానికి మనం ఉండాలి కదా. ఇవాళ సభకి రాని మీ గదివాళ్ళకి ఈ మాటలు చెప్పండి, ముఖ్యంగా ఈ ఏడు కొత్తగా వచ్చిన పిల్లలకి.