అమ్మమ్మ పేరు

(బతుకమ్మ పండుగ నాడు ఆలయ సభామందిరంలో ఒక సభ్యురాలు చేసిన ప్రసంగ పాఠం)

 

మా పాప ఇక్కడి ద్విభాషా ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతి చదువుతోంది. సగం పాఠాలు ఇంగ్లీషులో, సగం స్పానిష్‌లో. తోటి పిల్లల్లో చాలామందివి మెక్సికో నుంచి వచ్చిన కుటుంబాలు. ఏటా నవంబరు 2 దగ్గర పడగానే బడి వరండాలో అందరూ కలిసి ఒక పీఠం అలంకరిస్తారు. దాన్ని ఒఫ్రెండా అంటారు. పోయిన పెద్దలను ఇంటికి పిలుచుకునే పండుగ అది. మెక్సికో ప్రజల ఈ ఆచారాన్ని యునెస్కో 2008లో మానవజాతి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. పిల్లలు రంగు కాగితాలు మడిచి, కత్తిరించి తోరణాలు కడతారు. తల్లులు తీపి రొట్టెలు చేసి తెస్తారు. నీళ్లు, ఉప్పు, కొవ్వొత్తులు, పెద్దల ఫొటోలు పెడతారు. చుట్టూ బంతిపూలు.

ఆ పూలు చూసి ఆగిపోయాను. మనం బతుకమ్మలో పేర్చేవి, గుమ్మానికి కట్టేవి అవే. బంతి పుట్టిల్లు మెక్సికో. అక్కడినుంచి సముద్రాలు దాటి మన వాకిళ్లకు చేరింది. మన బతుకమ్మ మొదలయ్యేది కూడా పెత్రమాస నాడే, పెద్దలకు బియ్యం ఇచ్చుకునే రోజునే కదా!

పోయినేడు టీచరు మమ్మల్నీ ఒక ఫొటో తెమ్మన్నది. మా అమ్మ పోయి అప్పటికి ఏడు నెలలు. వీసా చిక్కుల వల్ల కడచూపుకు వెళ్లలేకపోయాను. మన పెద్దల ఫొటో ఇంకొకరి పండుగలో పెట్టొచ్చునా అని రెండు రోజులు ఆలోచించాను. "అమ్మమ్మ ఒక్కతే ఇంట్లో ఎందుకుండాలి?" అన్నది పాప. పెట్టాం.

ఫొటో కింద పేరు ఇంటి భాషలో రాయాలి. పక్కనున్న అబ్బాయి తన తాత పేరు చకచకా రాశాడు. మా పాప పెన్సిలు పట్టుకుని నా వైపు చూసింది. దానికి రెండు భాషల్లో కథలు రాయడం వచ్చు. అమ్మమ్మ పేరు నాలుగక్షరాలు, అవి రావు. తప్పు పిల్లది కాదు. ఆటలనీ, హోంవర్కనీ ఆదివారం తెలుగు తరగతి మానిపించింది నేనే. చెయ్యి పట్టి రాయించాను. అక్షరాలు వంకరగా వచ్చాయి. ఆ అబ్బాయి నాయనమ్మ, పేరు ఎలా పలకాలో పాపనడిగి, కూడబలుక్కుని పలికింది. ఏడు నెలలుగా ఆపుకున్న ఏడుపు ఇక ఆగలేదు.

ఈ ఏడు పీఠం ముందు ముగ్గు వేయమని బడివాళ్లు అడిగారు. చుక్కలు తప్పని చేతులున్న అక్కలు నలుగురు కావాలి. అంతకన్నా ముందు ఒక మనవి. ఈ రాత్రి పిల్లలను కూర్చోబెట్టి అమ్మమ్మదో, తాతయ్యదో, నాయనమ్మదో పేరు ఒక్కటి తెలుగులో రాయించండి. దాన్ని ఫొటో తీసి, వాళ్లకు పంపండి. మా అమ్మ ఆ వంకర అక్షరాలు చూడలేదు. మీ అమ్మలు చూడాలి.

సెలవు.