వసంతం, కాలేయం, కోపం

చైనా పంచాంగంలో ఫిబ్రవరి 4 ప్రాంతంలో వచ్చే లీచున్‌తో వసంతం మొదలవుతుంది. అక్కడి సంప్రదాయ వైద్యం ఈ రుతువును వృక్షతత్త్వానికి, కాలేయానికి, కోపానికి ముడిపెట్టింది.

మొలకను నేల చీల్చుకుని పైకి నెట్టే ఊపే మనిషిలోనూ లేస్తుందని దాని వివరణ. ఆ ఊపుకు అడ్డుపడితే చిరాకు, పక్కటెముకల కింద బిగువు, మాటిమాటికీ నిట్టూర్పులు వస్తాయంటారు.

సుమారు రెండు వేల ఏళ్ల నాటి వైద్య గ్రంథం ‘హ్వాంగ్‌డీ నైజింగ్’ వసంతంలో పెందలాడే లేవమంటుంది. జుట్టు వదులుగా వదిలి, పెరట్లో నింపాదిగా నడవమంటుంది. మందు లేని ఈ వైద్యం ఎంత హాయి! ఉత్తర చైనా ఇళ్లలో లీచున్ నాడు పల్చటి గోధుమ రొట్టెలో మొలకలు, ఆకుకూరలు చుట్టుకు తింటారు.

అయితే ఆ గ్రంథం చెప్పే కాలేయం, నేటి స్కానింగ్‌లో కనిపించే కాలేయం ఒకటి కావు. కళ్లు పచ్చబడితే ముందు ఆసుపత్రికే వెళ్లాలి.