ఠాణాల పని ఎవరిది? కాగితం ఎవరిది?

(మూసాపేటలో అడ్డా కూలీలు, బస్తీ యువకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున అడ్డా మీద నిలబడి, పని దొరికినోళ్లు పనికి పోయి, దొరకనోళ్లు ఉత్త చేతులతో ఇంటికి పోయి, మళ్లీ ఈ సాయంత్రం ఇక్కడికొచ్చి కూర్చున్నారు. మీ కాళ్లు గుంజుతుంటాయని మాకు తెలుసు. ఎక్కువసేపు సతాయించం. ఇయ్యాలటి ముచ్చట పోలీసాయన గురించి. పోలీసు పేరెత్తంగనే ఇద్దరు ముగ్గురు లేచి వెనక వరుసకు పోయినారు, మేం చూసినం. భయపడకండి, ఆయన్ని పిలవలేదు. ఆయన రోజూ ఏం పని చేస్తాడు, ఏం చెయ్యాలని చట్టంలో రాసి ఉంది, ఆ రెండింటి నడుమ మనం ఎక్కడ నలుగుతున్నాం, ఇదే ఇయ్యాలటి పాఠం. బడిపంతుళ్లం గదా, మాకు అన్నీ పాఠాల లెక్కనే కనిపిస్తాయి.

ముందు మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. పోయిన వానాకాలంలో మన అడ్డా నుండి పోయిన ఒక అక్క ఒక బిల్డింగు దగ్గర పన్నెండు రోజులు మాలు మోసింది. కూలి అడిగితే మేస్త్రీ పదిమంది ముందర కులం పేరు పెట్టి తిట్టి వెళ్లగొట్టాడు. ఆమెను తీసుకొని మేం ఒక ఠాణాకు పోయినం. పొద్దున 10 గంటలకు పోతే, కూర్చోమన్నారు. సారు బందోబస్తులో ఉన్నాడన్నారు. కూలి పైసలు సివిల్ మ్యాటరు, లేబర్ ఆఫీసుకు పొమ్మన్నారు. కులం పేరు మాట ఎత్తితే, ‘అట్లాంటివి ఎందుకమ్మా, మళ్లీ ఆయన దగ్గరే పని చేసుకోవాలె గదా’ అన్నారు. మధ్యాహ్నం మాకు బడి ఉందని, ఆమెను అక్కడనే విడిచి వచ్చినం. తప్పు అదే. మేం పోయినాక ఆమె చేత ఒక కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. అందులో ఏం రాసి ఉందో ఎవరూ చదివి చెప్పలేదు. మర్నాడు తెలిసింది, ‘ఇరుపక్షాలూ రాజీ పడినాం’ అని రాసి ఉందంట. రాజీలో ఆమెకు వచ్చింది ఆటో కిరాయి కూడా కాదు.

ఇంకో సంగతి చెపితే మీరు మమ్మల్ని తిడతారు. ఆ కాగితం రాసిన కానిస్టేబులు మా బడిలో చదివిన పిల్లగాడే. మన పిల్లగాడే.

రెండు రోజులకు రాత్రి పూట, మామూలు బట్టల్లో మా ఇంటికి వచ్చాడు. తల వంచుకొని కూర్చున్నాడు. మేం కోపంగానే ఉన్నాం. అయినా అడిగినం, నీ పని ఏందిరా, రోజంతా ఏం చేస్తవు చెప్పు, అని. చెప్పాడు. పొద్దున రోల్‌కాల్. ఆ తర్వాత ఎవరికి ఏ డ్యూటీ పడితే అది. ఒక రోజు సెంట్రీ, ఒక రోజు రిసెప్షన్, ఒక రోజు కోర్టు డ్యూటీ. సమన్లు, వారంట్లు పట్టుకొని ఇంటింటికీ తిరిగేది ఒకరు, కోర్టులో సాక్షుల కోసం కాచుకొని కూర్చునేది ఒకరు. బ్లూ కోల్ట్స్ బండి మీద పోతే 100కు వచ్చిన ప్రతి ఫోనుకూ ఉరకాలె. భార్యాభర్తల కొట్లాట, తాగి పడ్డోడు, దొంగతనం, యాక్సిడెంటు, ఉరి వేసుకున్న మనిషి. శవం దొరికితే పంచనామా అయ్యేదాకా అక్కడే నిలబడాలె, ఆ తర్వాత గాంధీ ఆస్పత్రి మార్చురీ దాకా వెంట పోవాలె, పోస్టుమార్టం అయినాక సంతకాలు తేవాలె. వినాయక చవితి వస్తే ఐడీఎల్ చెరువు దగ్గర నిమజ్జనానికి రాత్రింబగళ్లు. మంత్రి వస్తే రోడ్డు మీద. శనివారం రాత్రి తాగి నడిపేటోళ్ల నోటికి మిషను పెట్టేది ఇంకొకరు. ‘సార్, ఇవన్నీ అయినాక పిటిషన్ వచ్చిందంటే, అది కేసు కాకుంటే బాగుండు అనిపిస్తది’ అన్నాడు. ఈ మాట మమ్మల్ని నిద్రపోనియ్యలేదు. వాడు చెడ్డోడు కాదు. అలసిపోయినోడు. కానీ వాడి అలసట మన అక్క వేలిముద్ర మీద పడింది, కాంట్రాక్టరు నెత్తిన పడలేదు. అలసట గూడ కులం చూసుకొనే పడతది ఈ దేశంలో.

కాబట్టి పోలీసాయన కష్టం మనం కాదనం. హోంగార్డు సంగతి చూడండి. ఎండలో వానలో ట్రాఫిక్ నడిపే మనిషి, రోజు కూలి లెక్కనే బతుకుతాడు. 921 రూపాయలు ఉన్నదాన్ని 2025 జనవరి నుండి 1000 చేసినారు. 2024 అక్టోబరులో బెటాలియన్ కానిస్టేబుళ్ల భార్యలు మా మొగుళ్లను మా దగ్గర ఉండనియ్యండి అని రోడ్డెక్కినారు. ఫలితం ఏమైంది? 39 మందిని సస్పెండు చేసి, 10 మందిని ఉద్యోగాల నుండే తీసేసినారు. పోలీసుకు ఇష్టమొచ్చిన సంఘం పెట్టుకునే హక్కు లేకుండ 1966లోనే చట్టం చేసి పెట్టినారు. మనకు అడ్డా మీద సంఘం ఉంది, ఆయనకు అది గూడ లేదు. ఇది ఎందుకు చెపుతున్నామంటే, కౌంటరు అవతల ఉన్నోడు రాజు కాదు అని మీకు తెలియాలి. రాజు వేరే చోట ఉన్నాడు.

ఎక్కడున్నాడో చూడాలంటే పక్కకు తిరగండి. కైతలాపూర్ ఫ్లైఓవర్ ఎక్కితే, 2022లో తెరిచిందే, కాసేపట్ల హైటెక్ సిటీలో తేలుతాం. 1998లో సైబర్ టవర్స్ లేచింది. ఆ తర్వాత లేచిన ప్రతి అద్దాల మేడకూ ఇసుక మోసింది ఈ అడ్డాల మనుషులే. పాలమూరోళ్లు, శ్రీకాకుళమోళ్లు, ఒడిశా వాళ్లు. ఆ మేడల కోసం పోలీసు కమిషనరేటుకు సైబరాబాద్ అని పేరే పెట్టుకున్నారు. 2006లో ఐటీ కంపెనీలూ పోలీసులూ కలిసి భద్రతా మండలి పెట్టుకున్నారు. రాత్రి షిఫ్టు నుండి వచ్చే ఆడపిల్లలు భద్రంగా ఇంటికి చేరాలంటే అది కావాల్సిందే, మేం తప్పు పట్టడం లేదు. అడిగేది ఒక్కటే. తెల్లారకముందే ఈ అడ్డాకు వచ్చి, ముక్కు మొహం తెలియనోడి బండి ఎక్కి పనికి పోయే మన ఆడకూతుళ్ల కోసం ఏ మండలి ఉంది? అక్కడికి పోలీసు భద్రత ఇయ్యడానికి పోతాడు. మన బస్తీకి కార్డన్ సెర్చ్ అని తెల్లవారుజామున బండ్ల కాగితాలు అడగడానికి వస్తాడు. గేటెడ్ కమ్యూనిటీలో కార్డన్ సెర్చ్ జరిగిందని మీలో ఎవరైనా విన్నారా? మేమైతే వినలేదు.

మన తాతలకు ఇది కొత్త కాదు. నిజాం కాలంలో ఊరికో పోలీసు పటేలు ఉండేటోడు. ఊళ్లో అనుమానపు చావు అయితే శవానికి కావలి కూర్చుంది ఎవరు? అమీను సాబు వస్తే మంచం మోసింది, కోడిని పట్టుకొచ్చింది ఎవరు? వెట్టి మనది, పెత్తనం వాళ్లది. 1984లో పటేల్ పట్వారీలను రద్దు చేసినారు. పటేలు పోయినాడు గానీ, ఠాణా ముందర చెప్పులు విడిచి నిలబడే అలవాటు మన కాళ్లకు ఇంకా పోలేదు.

ఠాణా ఉన్నంత మాత్రాన రక్షణ ఉన్నట్టు కాదు. 1991 ఆగస్టు 6న చుండూరులో మనవాళ్లు 8 మందిని నరికినప్పుడు ఊళ్లో పోలీసులు లేకపోలేదు. అంత వెనక్కి ఎందుకు? 2021 జూన్‌లో అడ్డగూడూరు స్టేషన్‌లో ఒక దళిత తల్లి కస్టడీలో ప్రాణం విడిచింది. జనం లేస్తేనే ఎస్సైనీ ఇద్దరు కానిస్టేబుళ్లనూ ఉద్యోగం నుండి తీసేసినారు. 2024లో, అప్పటికి సైబరాబాద్ కిందనే ఉన్న షాద్‌నగర్‌లో, బంగారం పోయిందన్న అనుమానం మీద ఇంకో దళిత ఆడమనిషిని స్టేషన్‌లో కొట్టిన సంగతి బయటపడ్డది. డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్‌నూ కానిస్టేబుళ్లనూ సస్పెండు చేసినారు. దొంగతనం అనంగనే కర్ర ఎవరి వీపు వెతుక్కుంటదో మీకు మేం చెప్పాలా?

ఇప్పుడు చట్టం సంగతి. పెన్ను ఉన్నోళ్లు రాసుకోండి.

నేరం జరిగిందని చెపితే కేసు రాయడం పోలీసు దయ కాదు, డ్యూటీ. లలితాకుమారి కేసులో 2013లో సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది. 2024 జూలై 1 నుండి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. అందులో 173 సెక్షన్. ‘మా ఏరియా కాదు’ అని తిప్పి పంపేది లేదు, ఏ ఠాణాలో చెప్పినా రాయాలి, దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటున్నారు. నోటితో చెపితే వాళ్లే రాసుకొని, చదివి వినిపించి, ఆ తర్వాతనే సంతకం తీసుకోవాలి. ఎఫ్ఐఆర్ కాపీ పైసా లేకుండ ఇయ్యాలి. రాయకపోతే అదే సెక్షన్ ప్రకారం పై అధికారికి రాతపూర్వకంగా పంపొచ్చు. మన సిటీలో అంటే డీసీపీకి. ఆయనా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి పోవాలి.

పదిమంది చూస్తుండగా కులం పేరుతో తిడితే అట్రాసిటీ చట్టం. 1989 నాటి చట్టం, 2015లో బలపడింది. దాంట్లో నాలుగో సెక్షన్ మీరు కంఠతా పట్టాలి. చదివి వినిపించకుండ సంతకం తీసుకున్నా, కేసు కట్టకున్నా, కాపీ ఇయ్యకున్నా, కావాలని డ్యూటీ ఎగ్గొట్టిన ఉద్యోగికే ఆరు నెలల నుండి సంవత్సరం దాకా జైలు. శాఖాపరమైన విచారణ సిఫారసు చేస్తేనే ఆ కేసు కడతారనే మెలిక ఒకటి ఉంది. ఇంకో సంగతి గూడ ఉంది, నవ్వాలో ఏడవాలో మీ ఇష్టం: ఈ సెక్షన్ ఎస్సీ ఎస్టీ కాని ఉద్యోగులకే వర్తిస్తది. అంటే మా బడి పిల్లగాడికి వర్తించదు. వాడిని మనమే అడగాలి, చట్టం అడగదు. ముందు విచారణ చేసినాకనే ఎఫ్ఐఆర్ అనే సాకు గూడ చెల్లదు, 2018లో వచ్చిన 18ఎ సెక్షన్ దాన్ని కొట్టేసింది. దర్యాప్తు చేసేది ఎస్సై కాదు, డీఎస్పీ స్థాయి అధికారి, సిటీలో ఏసీపీ.

ఇంకొన్ని చిన్న సంగతులు. సాక్ష్యం చెప్పడానికి ఆడవాళ్లను ఠాణాకు రమ్మని పట్టుబట్టరాదు, వాళ్లే ఇంటికి రావాలి. అరెస్టు చేస్తే 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందర పెట్టాలి, ఇంటివాళ్లకు కబురు చెయ్యాలి. ప్రతి ఠాణాలో సీసీ కెమెరాలు ఉండాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆర్డరు వేసింది. ఠాణాకు పోయిన రోజు, టైము, ఎవరు కలిసినారు, ఏమన్నారు, అన్నీ ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకోండి. మేం ఆ రోజు రాసుకోలేదు. పంతుళ్లమయి ఉండి గూడ.

కానిస్టేబుల్ పరీక్షకు చదివే పిల్లలు ఇక్కడ చాలామందే ఉన్నారు. మైదానంలో పొద్దున్నే ఉరుకుతుంటే చూస్తున్నాం. ఉరకండి, ఉద్యోగం కొట్టండి. అంబేద్కర్ రాసిన రిజర్వేషన్ లేకుంటే మేం గూడ ఈ పంతులు ఉద్యోగంలో ఉండేటోళ్లం కాదు. అయితే ఆ ఖాకీ బట్ట వేసుకున్న మొదటి రోజు మీ అమ్మను ఒకసారి ఠాణాకు తీసుకుపోయి ఫిర్యాదుదారు కూర్చునే బెంచీ మీద కూర్చోపెట్టండి. మా పిల్లగాడికి ఇదే చెప్పినం. వాడేమీ మాట్లాడలేదు. పోయేటప్పుడు మాత్రం ఒక మాట అన్నాడు: ‘సార్, మళ్లీ పిటిషన్ పెట్టండి. ఈసారి రాతలో పెట్టండి. తేదీ వేసి, రిసీట్ అడిగి తీసుకోండి. రిసీట్ ఇయ్యనంటే ఏసీపీ ఆఫీసుకు పోస్టుల పంపండి.’

ఆ అక్క ఇక్కడనే, ఆ స్తంభం పక్కన కూర్చుంది. పేరు చెప్పం. ఆమెతో పాటు పని చేసిన ఇద్దరు సాక్ష్యం చెపుతామన్నారు. వచ్చే ఆదివారం పొద్దున అడ్డా దగ్గర కలుద్దాం, కాగితం అక్కడనే రాద్దాం. సోమవారం ఠాణాకు పోయేది. కనీసం పదిమందిమి ఉండాలి, ఆడవాళ్లు సగం. మేం బడికి సెలవు పెట్టినం, సాయంత్రం దాకా కదిలేది లేదు. ఆమె వేలిముద్ర పెట్టేముందు కాగితం గట్టిగా, అందరికీ వినపడేటట్టు చదవాలి. చదువు వచ్చిన పిల్లలు ఎవరైనా ముందుకు వచ్చి పేరు ఇయ్యండి.

జైభీం!