పాడని పిల్లల కేసు

గోదావరి సీమలో ఏ బడిలోనైనా ఉదయం పిల్లలు బారులు తీరి జనగణమన పాడుతారు. వారిలో ఒకరు వినయంగా నిలిచి, పెదవి కదపకపోతే అది నేరమా?

1985 జూలైలో కేరళలో ముగ్గురు తోబుట్టువులను ఇందుకే బడి నుండి తొలగించినారు. వారు యెహోవాసాక్షుల మతస్థులు. గీతం వేళ లేచి నిలబడేవారు, పాడేవారు కారు. శాసనసభలో ప్రశ్న రాగా విచారణ సంఘం ఏర్పడినది. పిల్లలు అగౌరవమేమీ చూపలేదని ఆ సంఘమే చెప్పినది. అయినను పై అధికారి ఆదేశంపై ప్రధానోపాధ్యాయురాలు వారిని పంపివేసినారు. పెద్దల పంతానికి పిల్లల చదువు బలి కావడం మనకు కొత్త కాదు, శ్రోతలారా! హైకోర్టులోనూ వారికి ఊరట దొరకలేదు.

1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తీర్పు వెలువడినది. దానిని వ్రాసిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి లోగడ ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి. ప్రతి ఒక్కరూ పాడి తీరవలెననే చట్టమేదీ లేదనీ, లేచి నిలబడడమే తగిన గౌరవమనీ కోర్టు నిర్ణయించినది. విద్యాశాఖ ఉత్తరువులు చట్టం కావు. రాజ్యాంగం 19, 25 అధికరణాలలో ఇచ్చిన వాక్‌స్వాతంత్ర్యాన్ని, మతస్వేచ్ఛను అవి హరించజాలవు. మాట్లాడే హక్కులో మౌనానికీ చోటున్నదని నేను ఈ తీర్పును అర్థం చేసుకొన్నాను.

పిల్లలను తిరిగి చేర్చుకొని, వారి చదువు నిరాటంకంగా సాగనివ్వవలెనని కోర్టు ఆదేశించినది.