కూడికలో దాగిన గుణకారము

మూడు సంఖ్యలను గుణించునపుడు మొదటి రెంటిని ముందు గుణించినను, చివరి రెంటిని ముందు గుణించినను ఫలమొక్కటే. దీనిని సహచర ధర్మమందురు. కూడుటకును గుణించుటకును వీలై, ఈ ధర్మమును పాటించు సముదాయము సహచర బీజగణితము. అందలి ప్రతి వస్తువును అందలి మరియొక వస్తువుగా మార్చు పరిక్రియలు కలవు. కూడి మార్చినను, మార్చి కూడినను ఒకటేయగుచు, రెట్టించిన వస్తువునకు ఫలము కూడ అన్ని రెట్లేయగుచో, అట్టిది రేఖీయ పరిక్రియ. పేరు బరువైనదే కాని పని మనమెరుగనిది కాదు. నిన్నటివరకు జరిగినదానిని మొత్తము కట్టుట అట్టి పరిక్రియయే.

ఒక గుంట త్రవ్వింపదలచితిమనుకొందము. మొదటినాడు పొడవు 2 మూరలు, వెడల్పు 4 మూరలు గుర్తు పెట్టితిమి. మరునాడు పొడవును 3 మూరలు, వెడల్పును 5 మూరలు పెంచితిమి. ఇపుడు పొడవు 5, వెడల్పు 9, వైశాల్యము 45 చదరపు మూరలు. ఇందు మొదటినాటిది 8. మరునాడు చేరిన 37 ఎచటివి? క్రొత్త పొడవును పాత వెడల్పుతో గుణించిన 12. పాత పొడవును క్రొత్త వెడల్పుతో గుణించిన 10. క్రొత్త పొడవును క్రొత్త వెడల్పుతో గుణించిన మూలముక్క 15. ఆ మూలముక్కను లెక్కలో మరచినచో కూలివారు ఊరకొనరు.

2, 3 అను వరుసను 4, 5 అను వరుసతో ఎదురెదురుగా గుణించినచో 8, 15 వచ్చును. గుంట లెక్కలో వచ్చినవి 8, 37. ఇది వేరొక గుణకారము. మొత్తము కట్టు పరిక్రియయే దీనిని పుట్టించినది. అయితే ఇది సహచర ధర్మమును నిలుపుకొనునా? నిలుపుకొననిచో మూడు వరుసల లబ్ధమనుటకు నిశ్చితార్థమే యుండదు. లోతును కూడ చేర్చి చూతము: మొదటినాడు 1 మూర, మరునాడు మరి 2 మూరలు. పొడవు వెడల్పులను ముందు గుణించినను, వెడల్పు లోతులను ముందు గుణించినను, మొదటినాటికి 8, మరునాటికి 127 ఘనపు మూరలే వచ్చును. మొత్తము 135, అనగా 5, 9, 3ల లబ్ధము. గుంట యొక్కటే కదా!

దినముల లెక్క మాని క్షణక్షణము పెరుగు గుంటను తలచినచో మూలముక్క లెక్కకు రానంత చిన్నదగును. తక్కిన రెండు ముక్కలే మిగులును. కళాశాలలో విభాగ సమాకలనమని నేర్చు సూత్రమిదియే. సమాకలనమును అవకలనమునకు తిరుగుబాటగా మాత్రమే నేర్పి, దానికిగల ఈ సొంత నియమమును సూత్రముల పట్టికలో కప్పిపెట్టుట మాకు నచ్చదు.

ఈ నియమమును బీజగణితముగా ఎత్తిచూపినవాడు గ్లెన్ బాక్‌స్టర్. యాదృచ్ఛికముగా ముందువెనుకలకు అడుగులు వేయు నడకలో చేరగల అత్యధిక దూరమును గూర్చి ఫ్రాంక్ స్పిట్జర్ 1956లో ఒక ఫలితమును సాధించెను. దాని మూలము ఇట్టి చిన్న నియమమేయని బాక్‌స్టర్ 1960లో చూపెను. 1969లో జాన్-కార్లో రోటా దీనిని విస్తరింపగా ఇద్దరి పేర్లును కలిసినవి. భౌతికశాస్త్రములో యాంగ్‌తో జతగా వినవచ్చు బాక్‌స్టర్ వేరు. ఆయన రాడ్నీ బాక్‌స్టర్. చిత్రమేమన, ఆ రెండవ బాక్‌స్టర్ సమీకరణమునకు సంబంధించిన ఒక రూపమునందును ఇదే నియమము తలయెత్తినది.

క్షణక్షణ గుంటకు మరల వత్తము. మిగిలిన రెండు ముక్కలలో ఒక్కదానినే గుణకారముగా గైకొన్నచో సహచర ధర్మము చెడును. రెంటిని కూడినచో మరల నిలుచును. ఒంటిగా నిలువలేనివి జంటగా నిలుచు ఇట్టి నిర్మాణమునకు జాన్-లూయీ లోదే అను ఫ్రెంచి గణితజ్ఞుడు వృక్షాకారమను అర్థము వచ్చు పేరిడెను. కొమ్మలు చీలు చెట్ల బొమ్మలతోనే దాని లెక్కలు సాగును.

2000 ప్రాంతమున అలేన్ కాన్, డిర్క్ క్రైమర్ అను ఇరువురు కణభౌతికశాస్త్రములో పుట్టు అనంతరాశులను తొలగించు పద్ధతియందును ఈ నియమమునే కనుగొనిరి. అచట పరిక్రియ చేయు పని మొత్తము కట్టుట కాదు. శ్రేణిలో అనంతమునకు పోవు పదములను మాత్రము వేరుచేయుట. గుంటలో కూడిన మూలముక్క అచట తీసివేతగా వచ్చును.